పక్క గడి

పిక్సెల్ బాబాయ్ తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగి, బాల్‌పెన్ను వెనక కొసను అక్షరాల కింద ఆనించి, ఒక్కో గడి ఎక్కడ మొదలవుతోందో చూసుకుంటున్నాడు. వీధి, ఇంటి నంబరు, అంతస్తు, బండి. పైన ఈ నాలుగు శీర్షికలు, కింద వరసలు. ఊళ్ళో ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చి అంబులెన్సుకి ఫోన్ చేస్తే, ఆ చిరునామా కాల్ రూమ్ తెరల మీద ఇలా ఒక వరసగా పడుతుంది. అక్కడి ఆపరేటర్ ఆ వరస చూసి వైర్‌లెస్ మైకులో డ్రైవర్‌కి చదువుతుంది. ఆ వరసను తెర మీద గీసే ప్రోగ్రాం బాబాయ్ రాసింది. కంపెనీలో మరెవరూ దాని జోలికి రారు.

అందులో పెద్ద విద్యేమీ లేదు. మాటకీ మాటకీ మధ్య కంటికి కనబడని ట్యాబ్ అనే గుర్తు ఒకటి ఉంటుంది. ఎడమ అంచు నుంచి ఎంతెంత దూరంలో ఆగాలో ముందే చెప్పి పెడితే, ఆ గుర్తు వచ్చినప్పుడల్లా ప్రోగ్రాం తర్వాతి స్టాపు దాకా జరిగి అక్కణ్ణించి రాస్తుంది. చిక్కల్లా పొడుగు పేర్లతోనే. వీధి పేరు తన గడి దాటి పక్కదాంట్లోకి చొరబడిందంటే, ఇంటి నంబరు ఆగాల్సిన స్టాపు అప్పటికే వెనకబడి ఉంటుంది. స్టాపు దాటేసిన బస్సు వెనక్కి రాదు, తర్వాతి స్టాపులోనే దింపుతుంది. అలా ఇంటి నంబరు పోయి అంతస్తు కింద పడుతుంది, అంతస్తు పోయి బండి కింద పడుతుంది, బండి నంబరు ఏ శీర్షికా లేని ఖాళీలో వేలాడుతుంది. ప్రోగ్రాం ఆగదు, అరవదు. తప్పు జరిగిందని దానికి తెలియనే తెలియదు.

ఈ సంగతి బాబాయ్ కనిపెట్టి ఏళ్ళు గడిచాయి. కనిపెట్టిన రోజునే పైవాళ్ళకి చెప్పాడు. కస్టమర్ అడగలేదు కదా అన్నారు. మరుసటేడు మళ్ళీ చెప్పాడు. చూద్దాం అన్నారు. ఆ తర్వాత మేనేజర్ అయిన మనిషికి ఆ మాటే ఊతపదం కావడంతో ఆఫీసంతా అతన్ని చాటుగా చూద్దాంగారు అని పిలుచుకుంటోంది. జీతం పెంచమంటే చూద్దాం, ఏసీ పని చేయడం లేదంటే చూద్దాం. అలాంటి మనిషి పోయిన వారం తనే నడిచి వచ్చి బాబాయ్ బల్ల దగ్గర నిలబడ్డాడు. కాల్ రూమ్‌కి వెడల్పాటి కొత్త తెరలు వచ్చాయని, వాటిని చూడటానికి పెద్దవాళ్ళు వస్తున్నారని, వంకర వరసలు కనబడితే బాగుండదని, వెంటనే సరిచేయమని చెప్పాడు. జనం ప్రాణాల కోసం కదలని పని చూపులకి వచ్చేవాళ్ళ కోసం కదిలింది. బాబాయ్‌కి ఒళ్ళు మండింది. అయినా పని చేశాడు. ఇన్నాళ్ళకి దొరికిన అవకాశం, కోపంతో పాడు చేసుకోదలచుకోలేదు.

ఇప్పుడు ప్రోగ్రాం ముందు వీధి పేరు పొడవు కొలుస్తుంది. గడిలో పట్టకపోతే పేరును రెండు లైన్లుగా మడిచి అక్కడే కూర్చోబెడుతుంది. ఇంటి నంబరు ఇంటి నంబరు కిందే ఉంటుంది. ఊళ్ళోకెల్లా పొడుగాటి వీధి పేరు వేసి చూశాడు. వరస నిటారుగా నిలబడింది. పెన్ను కొసతో కిందికంటా తడిమి, కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

పిక్సెల్ బాబాయ్ అన్న పేరు ఆఫీసులో పెట్టిందే. తెర మీద ఒక్క చుక్క పక్కకి జరిగినా పట్టుకుంటాడని మొదట ఎవరో మెచ్చుకోలుగా అన్నారు. తర్వాత అది ఎగతాళి అయింది. ఇప్పుడు రెండూ కాదు, వట్టి పేరు. తనతో చేరినవాళ్ళలో కొందరు మేనేజర్లయ్యారు, కొందరు సొంత కంపెనీలు పెట్టారు, ఒకడు ఉద్యోగం మానేసి కుక్కలకి శిక్షణ ఇచ్చుకుంటూ హాయిగా ఉన్నాడు. బాబాయ్ మాత్రం కిటికీ పక్క బల్ల దగ్గరే, అక్షరం ఎక్కడ మొదలవ్వాలో చూసుకుంటూ ఉండిపోయాడు. మెడ ముందుకు వంగి అలాగే బిగుసుకుపోయింది. అతను మహా కోపిష్టి. ఆ సంగతి ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. కోపం వచ్చినప్పుడు గొంతు ఇంకాస్త తగ్గి, ఎడమ చెవి ఎర్రబడుతుంది, అంతే. "మీ కోపం మీకు తప్ప ఇంకెవరికీ వినబడదండీ" అని భార్య నవ్వుతుంది. ఆమెకి మాత్రం వినబడుతుంది. అన్నం కలుపుతూ ఆగిపోయిన వేళ్ళని చూసి, ఇవాళ ఎవరితో పడిందని అడుగుతుంది.

ఏ మార్పు చేసినా కాల్ రూమ్‌కి ఫోన్ చేసి కనుక్కోవడం బాబాయ్‌కి అలవాటు. అక్కడ ఫోన్ ఎత్తేది సీనియర్ ఆపరేటర్. అందరూ పెద్దక్క అంటారు, బాబాయ్ కూడా అలాగే అంటాడు. ఆమెకీ ఇతనికీ వయసులో పెద్ద తేడా లేదు, అయినా ఆమె ఇతన్ని బాబాయ్ అంటుంది. ఇన్నేళ్ళుగా మాట్లాడుకుంటున్నారు గానీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది లేదు.

"పెద్దక్కా, కొత్త తెరలు బిగించారా?"

"బిగించారు బాబాయ్. గోడలంత ఉన్నాయి. కళ్ళజోడు మర్చిపోయి వచ్చినా ఫరవాలేదిక."

"ఇంకో మంచి కబురు చెప్పనా? ఇవాళ్టి నుంచి పొడుగు వీధుల వరస కూడా తిన్నగా వస్తుంది. ఇంటి నంబరు దాని శీర్షిక కిందే ఉంటుంది."

అవతల ఇంకో ఆపరేటర్ ఎవరికో, కంగారు పడకండి, తలుపు తీసి ఉంచండి అని చెబుతున్న గొంతు మాత్రం వినిపించింది.

"పెద్దక్కా, ఉన్నారా?"

"ఉన్నాను. మరి మేం పక్క గడి కదా చదివేది?"

"పక్క గడేంటి?"

"అదే, పొడుగు వీధి వస్తే. ఇంటి నంబరు కావాలంటే అంతస్తు కింద చూడాలి, అంతస్తు కావాలంటే బండి కింద చూడాలి. కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజు నేర్పేది అదే. ఇక్కడున్న సగం మందికి నేనే నేర్పాను."

"శీర్షిక చూసుకుని చదవొచ్చు కదా అక్కా ఇక నుంచి?"

"ఏం మాట్లాడుతున్నావు బాబాయ్? చెవిలో ఒకడు ఏడుస్తుంటాడు, చేతిలో మైకు, డ్రైవర్ త్వరగా చెప్పమని అరుస్తుంటాడు. శీర్షికలు చూసే తీరిక ఎక్కడిది? పేరు పొడుగ్గా కనబడిందంటే కళ్ళు వాటంతటవే పక్కకి పోతాయి."

బాబాయ్ తన తెర వంక చూశాడు. రెండు లైన్లుగా మడిచిన వీధి పేరు. ఎవరు చూసినా పొడుగు పేరని ఇట్టే తెలిసిపోతుంది. కళ్ళు వాటంతటవే పక్కకి పోతాయి. పద్దెనిమిదో నంబరు ఇంట్లో రెండో అంతస్తు అని ఉంటే, అంతస్తు కింది రెండును చూసి రెండో నంబరు ఇల్లు అని చదువుతారు. బండి ఆ ఇంటికి పోతుంది. వరస వంకరగా ఉన్నన్నాళ్ళూ సరిగ్గా వెళ్ళిన బళ్ళు, అది తిన్నగా నిలబడ్డ రోజున దారి తప్పుతాయి.

"ఈ పక్క గడి చదవమని మొదట ఎవరు చెప్పారు అక్కా?" గొంతు బాగా తగ్గిపోయింది.

"మీవాళ్ళే. మీ కంపెనీ నుంచి పాఠాలు చెప్పడానికి ఒకాయన వచ్చేవాడే, ఏది అడిగినా చూద్దాం అనేవాడు. ఈ ఒక్కదానికి మాత్రం టక్కున జవాబు చెప్పాడు. ఇప్పుడు మేనేజర్ అయ్యాడటగా. నీకు తెలుసనుకున్నానే!"

తెలియదు. తను ఏటేటా వెళ్ళి తప్పు ఉందని మొత్తుకుంటుంటే, తలూపి చూద్దాం అన్న మనిషి అక్కడికి వెళ్ళి తప్పును ఎలా చదవాలో నేర్పి వచ్చాడు. బాబాయ్ చెవి భగ్గుమంది.

"అక్కా, మీ వాళ్ళందరికీ చెప్పండి. మధ్యాహ్నం కొత్తది వస్తుంది. వచ్చాక పక్క గడి వద్దు."

"నా షిఫ్టు వాళ్ళకి చెబుతాను. మధ్యాహ్నం నేను దిగిపోతాను కదా, ఎక్కేవాళ్ళకి ఎవరు చెబుతారు? మా సూపర్‌వైజర్ సంగతి నీకు తెలీదు. మీ కంపెనీ కాగితం లేనిదే తను నోరు తెరవడు, ఎవర్నీ తెరవనివ్వడు. ఒక్క కాగితం ముక్క పంపించు. పొడుగు వీధికి పక్క గడి చదవొద్దు అని రాసి ఉంటే చాలు."

చూద్దాంగారి గదికి అద్దాల తలుపు. లోపల అతను గోడకి తగిలించిన తెర మీద సాయంత్రం చూపించబోయే బొమ్మలు తిప్పుకుంటున్నాడు. బాబాయ్ కంటే బాగా చిన్నవాడు. మెత్తగా మాట్లాడతాడు, ఎవరినీ తిట్టడు, అందుకే అతనితో దెబ్బలాడటం మహా కష్టం.

"సార్, కాల్ రూమ్‌కి ఒక కాగితం పంపాలి. ఇప్పుడే."

విషయం విని అతను తల పంకించాడు. కుర్చీ చూపించాడు. బాబాయ్ కూర్చోలేదు.

"కాగితంలో ఏమని రాద్దాం బాబాయ్? ఇన్నాళ్ళూ మా తెర తప్పు చూపించింది అనా?"

"అవును. అంతే కదా జరిగింది."

"కాదని ఎవరన్నారు? కానీ రాతలో పెడితే పాత కేసులన్నీ తవ్వుతారు. ఏ బండి ఎప్పుడు ఆలస్యమైందో అన్నీ మన నెత్తినే రుద్దుతారు."

"మీరే కదా సార్ వాళ్ళకి పక్క గడి నేర్పింది?"

చూద్దాంగారు చిన్నగా నవ్వాడు. "అప్పటికి పని జరగాలి కదా. జరిగింది కూడా."

"ఇవాళ జరగదు. తప్పు చదువుతారు. మనుషులు పోతారు సార్."

"ఎందుకలా అపశకునం మాటలు? వాళ్ళకి చదువొచ్చు. శీర్షిక కింద ఏముందో చూసి చదవలేరా? మీరు మరీ చాదస్తంగా ఆలోచిస్తారు."

"పోనీ తెర పైన ఒక పసుపు పట్టీ వేస్తాను. ఇంటి నంబరు దాని శీర్షిక కిందే చదవండి అని. నాకు పెద్ద సేపు పట్టదు."

"పసుపు పట్టీయా? అదేమన్నా సినిమా పోస్టరా బాబాయ్? పెద్దవాళ్ళు చూసేది. సరే, వచ్చే నెల వాళ్ళకి మళ్ళీ పాఠాలు పెడదాంలే. అప్పుడు చెబుదాం. చూద్దాం."

బాబాయ్ బయటికి వచ్చాడు. తలుపు మెత్తగా మూసుకుంది. గట్టిగా వేద్దామన్నా పడని తలుపు అది.

తన బల్ల దగ్గర కూర్చుని అతను చేసిన పని తెలిస్తే ఆఫీసు నవ్వి ఉండేది. ఇన్నేళ్ళు తిన్నగా నిలబెట్టాలని తపించిన వరసను మళ్ళీ వంకర చేశాడు. కొలిచే లైన్లు తీసేశాడు, మడిచే లైన్లు తీసేశాడు, పాత ట్యాబ్ స్టాపులు తెచ్చి పెట్టాడు. పొడుగు వీధి వేసి చూశాడు. ఇంటి నంబరు పోయి అంతస్తు కింద పడింది. ఆ తప్పును అంత ఆత్రంగా తను ఎప్పుడూ చూడలేదు. చెప్పాల్సిన మాట చెప్పేదాకా ఈ వంకరే నయం. కొత్త కాపీ తయారు చేసి, పంపే విభాగానికి ఫోన్ చేశాడు. పొద్దున తయారు చేసింది కాదు, ఇప్పుడు ఇచ్చేది పంపండి అన్నాడు.

"అది వెళ్ళిపోయింది కదండీ. సార్ తొందర పెడితే ఉదయమే పంపేశాం. ఇప్పుడు తెరల మీదికి ఎక్కుతూ ఉంటుంది. వెనక్కి తేవాలంటే సార్ చెప్పాలి."

ఇంతలో భార్య ఫోన్ చేసింది. నీళ్ళ మోటారు మళ్ళీ మొరాయించిందట. పై అంతస్తువాళ్ళు తనని అడగకుండా మెకానిక్‌ని పిలిచారట. వచ్చేటప్పుడు మోకాళ్ళకి రాసుకునే మందు తెమ్మంది. ఆ తర్వాత ఆగి, "ఏమైందండీ?" అంది.

"ఏం లేదు."

"ఏం లేదు అంటే చెవి ఎర్రగా ఉన్నట్టే. ఎవరితో?"

"అందరితో," అన్నాడు బాబాయ్. కంప్యూటర్ కూడా కట్టేయకుండా లేచి మెట్లు దిగాడు.

బస్సులో కూర్చోలేకపోయాడు. కడ్డీ పట్టుకుని నిలబడి, కిటికీలోంచి వీధుల పేర్లు చదువుతూ వెళ్ళాడు. ఇది గడిలో పడుతుంది. ఇదీ పడుతుంది. ఇది పట్టదు. ఈ ఊరికి ఇంతింత పొడుగు పేర్లు ఎవడు పెట్టాడని తిట్టుకున్నాడు. ఆ తర్వాత తననే తిట్టుకున్నాడు. వరసలు చక్కబెట్టడమే లోకం అనుకున్నాడు గానీ, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ గదికి వెళ్ళి, వాళ్ళు ఎలా చదువుతున్నారో పక్కన కూర్చుని చూశాడా? ఫోన్‌లో అక్షరం సైజు అడిగి సరిపెట్టుకున్నాడు. కానీ ఆ కోపం ఎంతోసేపు తన మీద నిలవలేదు. తిరిగి తిరిగి ఆ అద్దాల గదిలోకే పోయింది.

కాల్ రూమ్ ఉన్న భవనం గేటు దగ్గర కాపలామనిషి ఆపాడు. గుర్తింపు కార్డు చూశాడు, తిప్పి చూశాడు, లోపలికి రావాలంటే లెటర్ కావాలన్నాడు.

"లెటర్ ఇచ్చేవాడే ఉంటే నేనెందుకొస్తానయ్యా!"

ఆ అరుపు తనదేనని బాబాయ్‌కి ఒక్క క్షణం తెలియలేదు. కాపలామనిషి అడుగు వెనక్కి వేశాడు. షిఫ్టు దిగి భుజాన సంచి వేసుకుని బయటికి వస్తున్న లావుపాటి ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. నెరిసిన జుట్టు, చెవి మీద హెడ్‌ఫోన్ ఒత్తుకుని ఒత్తుకుని పడ్డ మచ్చ.

"బాబాయ్‌వేనా?" అంది. "గొంతు ఎప్పుడూ ఇంత పెద్దగా విన్లేదే. కాగితం తెచ్చావా?"

"ఇవ్వలేదు."

పెద్దక్క సంచి కాపలామనిషి బల్ల మీద పడేసి, "మా చుట్టం, లోపల పనుంది" అని బాబాయ్ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. "మావాళ్ళకి చెప్పాను. ఎక్కినవాళ్ళలో ఇద్దరికి చెప్పాను. సూపర్‌వైజర్ చూసి, పుకార్లు పుట్టిస్తున్నావా అని బయటికి పంపేశాడు."

గది చల్లగా ఉంది. వరసగా బల్లలు, బల్లల మీద వెడల్పాటి తెరలు. బాబాయ్ రాసిన అక్షరాలు అన్నిటి మీదా ఒక్కసారే మెరుస్తున్నాయి. ఎంత బాగున్నాయో. గీత గీసినట్టు ఉన్న గడులు, చెదరని వరసలు. తన పని అంత పెద్దగా, అన్ని తెరల మీద చూడటం అతనికి అదే మొదలు. సంతోషించాల్సిన సమయం. అతని కళ్ళు పొడుగు పేర్ల కోసం వెతికాయి.

గుమ్మానికి దగ్గరి బల్ల దగ్గర నీలం స్వెట్టరు ఆవిడ మైకు నొక్కి మాట్లాడుతోంది. ఆమె తెర మీద పై వరసలో వీధి పేరు రెండు లైన్లుగా ఉంది. ఇంటి నంబరు కింద నలభై ఒకటి. అంతస్తు కింద మూడు. బాబాయ్ ఆ వరస చదివి ఆమె వైపు తిరిగేసరికి ఆమె చెబుతోంది, "ఇంకా చేరలేదా? మూడో నంబరు ఇల్లే, సరిగ్గా చూడండి. ఆవిడకి ఊపిరి అందడం లేదట, ఇంటాయన మళ్ళీ ఫోన్ చేశాడు."

మైకులోంచి డ్రైవర్ గొంతు గరగరమంది. "మూడో నంబరు ముందే ఉన్నామమ్మా. తాళం వేసి ఉంది. కొడుతున్నాం, ఎవరూ లేరు."

"నలభై ఒకటి!" అని అరిచాడు బాబాయ్. "నలభై ఒకటో నంబరు! మూడు అన్నది అంతస్తు!"

ఆమె బెదిరి అతన్ని చూసింది, తెరను చూసింది, శీర్షికను చూసింది. మైకు నొక్కి, తడబడకుండా, నలభై ఒకటి, మూడో అంతస్తు అని రెండుసార్లు చెప్పింది. అటునుంచి డ్రైవర్ తిట్టిన తిట్టు గదంతా వినబడింది. వీధి చివరి దాకా పోవాలి, దారి పొడవునా కార్లు ఆపి ఉన్నాయి, మెల్లగా పోవాలి అన్నాడు. సైరన్ మొదలైంది.

"పక్క గడి చదవొద్దు!" పెద్దక్క గది మధ్య నిలబడి చప్పట్లు కొట్టింది. "అందరూ వినండి! పొడుగు వీధి అయినా సరే, పక్క గడి వద్దు!" కొందరు తిరిగి చూశారు. కొందరి చెవుల్లో ఎవరో ఏడుస్తున్నారు, వాళ్ళు చెయ్యి ఊపి ఆగమన్నారు. ఫోన్లు ఆగవు. ఒక్క మాట ఒక్కసారి అందరికీ చెప్పడానికి వీలున్న గది కాదు అది.

గోడకున్న తెల్లబోర్డు కింద నల్ల మార్కర్ కనబడింది. బాబాయ్ దాన్ని తీసుకుని మొదటి తెర దగ్గరికి వెళ్ళి, ఇంటి నంబరు శీర్షిక పక్కన అద్దం మీదే రాశాడు. ఇక్కడే చదవండి. కిందికి లావుగా బాణం గీశాడు. రెండో తెర. మూడో తెర. తొందరలో అక్షరాలు వంకరపోయాయి. ఒక్కో ఆపరేటర్ తల పక్కకి తప్పించి, బాణాన్ని చూసి, తన వరసలోకి మళ్ళీ చూసుకుంటోంది. ఒకావిడ మైకులో, "ఆగండాగండి, ఇంటి నంబరు తప్పు చెప్పాను" అంటోంది.

సూపర్‌వైజర్ పరిగెత్తుకొచ్చాడు. "ఎవడయ్యా నువ్వు? కొత్త తెరలు! ఇంకాసేపట్లో పెద్దవాళ్ళు వస్తుంటే!"

"ఈ వరసలు గీసేది నేనే. తప్పు చదువుతున్నారు."

"లెటర్ ఉందా?"

బాబాయ్ అతని ముఖంలోకి చూసి, నాలుగో తెర దగ్గరికి వెళ్ళాడు. సూపర్‌వైజర్ చొక్కా పట్టుకున్నాడు. పెద్దక్క మధ్యలోకి వచ్చి అతని చెయ్యి తీసేసింది. ఈ గొడవలో జేబులోని ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తితే చూద్దాంగారు. కబురు అప్పుడే అందినట్టుంది.

"బాబాయ్, తెరల మీద మార్కరా? ఇది చాలా అన్యాయం. రేపటి నుంచి మీరు ఆఫీసుకి రానక్కర్లేదు."

"మొట్టమొదటిసారి చూద్దాం అనకుండా ఒక నిర్ణయం తీసుకున్నావు," అన్నాడు బాబాయ్. "ఆవిడ చచ్చిపోతే నీ బొమ్మల్లో పెట్టుకుని చూపించు, సిగ్గులేని వెధవా!" గదంతా వినేలా అరిచి ఫోన్ పెట్టేశాడు. గుండె తేలికపడుతుందేమో అనుకున్నాడు, పడలేదు.

నీలం స్వెట్టరు ఆవిడ మైకు ముందే కూర్చుంది. ఇంకో ఫోన్ తీసుకుంది, ఇంకో బండి పంపింది, ఈసారి నంబరు మీద వేలు పెట్టి చదివింది. డ్రైవర్ పిలిచేసరికి ఆమె వేలు ఇంకా తెర మీదే ఉంది.

"నలభై ఒకటి నుంచి మాట్లాడుతున్నాం. మూడో అంతస్తుకి వెళ్ళాం." ఒక క్షణం గరగర. "ఆవిడ పోయారు. ఖాళీగా వస్తున్నాం."

"సరే," అంది ఆమె. అలా అనడం అక్కడి పద్ధతి. కీ నొక్కింది. పై వరస తెర మీంచి పోయింది. దాని కింద ఉన్నవన్నీ ఒక్కో మెట్టు పైకి జరిగి, మళ్ళీ చక్కగా సర్దుకున్నాయి. ఆమె స్వెట్టరు చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుంది. సూపర్‌వైజర్ ఆమె దగ్గరికి వెళ్ళి, చిరునామా తప్పు చదివినందుకు వివరణ రాసిచ్చి ఇంటికి వెళ్ళమని చెప్పాడు. తప్పు ఆమెది కాదని బాబాయ్ చెప్పాడు. పెద్దక్క చెప్పింది. పొడుగు వీధులు చదివే ప్రతి ఒక్కరూ చెప్పారు. సూపర్‌వైజర్ వినలేదు. పొడి గుడ్డ తెప్పించి అద్దాలు తుడిపించడం మొదలుపెట్టాడు. మార్కర్ సిరా అంత తొందరగా పోలేదు.

బాబాయ్ బయటికి వచ్చి నడిచాడు. ఎటు పోతున్నాడో తనకి తెలుసు. ఆ వీధి పేరు తెర మీద చూసినప్పట్నుంచి కళ్ళలోనే ఉంది. మలుపు దగ్గర బోర్డు మీద కూడా రెండు లైన్లుగా రాసి ఉంది. మొదట్లోనే మూడో నంబరు ఇల్లు, తలుపుకి తాళం, దాని మీద గట్టిగా బాదిన చేతుల మరకలు. అక్కణ్ణించి నడుస్తుంటే ఆ వీధి తెగదు. పదకొండు, పంతొమ్మిది, ఇరవై ఏడు. మధ్యలో ఒకచోట ఆగి గోడ పట్టుకుని ఆయాసం తీర్చుకున్నాడు. ఎవరి మీదో తెలియని కోపం కాదిప్పుడు. ఎవరి మీదో బాగా తెలుసు. ఆ తెలియడం వల్ల ప్రయోజనమేమీ లేదు. రేపు ఊళ్ళో ప్రతి ఆఫీసు గుమ్మం ఎక్కి ఈ మాట చెబుతాడు, లెటర్ అడుగుతారు, అయినా చెబుతాడు. మూడో అంతస్తులో ఉన్న మనిషికి అది ఎందుకూ పనికిరాదు.

నలభై ఒకటో నంబరు మేడ కింద దర్జీ కొట్టు ఉంది. దర్జీ మిషను ఆపేసి గుమ్మంలో నిలబడ్డాడు. మెట్ల మీద చెప్పులు చిందరవందరగా పడి ఉన్నాయి. పైనుంచి ఒకే ఒక గొంతు ఏడుస్తోంది, మగ గొంతు. రోడ్డు పొడవునా ఒకదాని వెనక ఒకటి కార్లు ఆపి ఉన్నాయి. మేడకి సరిగ్గా ఎదురుగా మాత్రం రెండు కార్ల నడుమ ఖాళీ ఉంది. ఆ ఖాళీ మధ్యలో భోజనాల బల్ల దగ్గర వేసుకునే చెక్క కుర్చీ ఒకటి.

"బంధువులా?" అని అడిగాడు దర్జీ.

బాబాయ్ తల అడ్డంగా ఊపాడు.

"అంబులెన్సు ఆగడానికి చోటుండాలని ఆ కుర్చీ పై ఇంటాయనే తెచ్చి వేశాడండీ. మూడంతస్తులూ మోసుకొచ్చాడు. డ్రైవర్‌కి దూరం నుంచే కనబడాలని తువ్వాలు కట్టి, మళ్ళీ పైకి పరిగెత్తాడు. ఇందాక బండి వీధి మొదట్లో ఆగితే నేను కేకేశాను కూడా. వినబడలేదు."

ఒక కారు వచ్చి నెమ్మదించింది. లోపలి మనిషి ఖాళీని చూశాడు, కుర్చీని చూశాడు, హారన్ కొట్టబోయి ఊరుకుని ముందుకి వెళ్ళిపోయాడు. దర్జీ లోపలికి వెళ్ళాడు గానీ మిషను తొక్కలేదు. రెండు కార్ల మధ్య, ఒక బండి పట్టేంత చోటులో, వీపుకి ఎర్ర తువ్వాలు కట్టిన కుర్చీ వీధి మొదలు వైపు తిరిగి అలాగే ఉంది.